నలుగురి ఎదుట నిలబడి నవ్వించడం

నలుగురి మధ్య కూర్చుని నవ్వించడం వేరు. నలుగురి ఎదుట నిలబడి నవ్వించడం వేరు. మొదటి పని చేయగలవాడు ఇంటికి ఒకడు ఉంటాడు. మేనమామో, బాబాయో, వరసకు బావగారో అయి ఉంటాడు. పెళ్లివారి విడిదిలో పెట్టెలు సర్దుకోకముందే ఆయన చుట్టూ జనం మూగుతారు. వియ్యపురాలి నడకా, పురోహితుడి తొందరా, వంటవాడి విసుగూ ఆయన చేసి చూపిస్తూ ఉంటే కాఫీలు చల్లారిపోతున్నా ఒక్కరూ లేవరు. "ఇలా గుమస్తాగిరీలో పడి ఉండిపోయావు గాని, స్టేజి ఎక్కవలసినవాడివిరా!" అని పెద్దవాళ్లలో ఎవరో ఒకరు అనకా మానరు.

ఆ మాట నమ్మి ఆయన నిజంగానే ఒకనాడు స్టేజి ఎక్కాడనుకోండి. అవే మాటలు, అదే నడక, అదే విసుగు. ఎదుట రెండువందలమంది. ఒక్క నవ్వు లేదు. వెనుక వరసలో ఎవరో దగ్గుతారు. ఆయనకు చెమటలు పోస్తాయి.

ఎందుకిలా అయింది? ఆయనలోని హాస్యం ఒక్క రాత్రిలో ఇంకిపోలేదు. పెళ్లింట్లో కూర్చున్న ప్రతివారికీ ఆయన తెలుసు. ఆయన ముక్కోపం తెలుసు, పిసినారితనం తెలుసు; ఆ వియ్యపురాలూ తెలుసు. ఆయన నోరు తెరవకముందే సగం నవ్వు సిద్ధంగా ఉంటుంది. స్టేజి ముందు కూర్చున్నవారికి ఆయన ఎవరో తెలియదు. నవ్వుకు సగం బలం పరిచయం. ముక్కూ మొగమూ తెలియని జనానికి రెండు నిమిషాలలో తానెవరో తెలియజెప్పి, ఆ తర్వాత నవ్వించాలి. ఒంటరిగా నిలబడి నవ్వించే వృత్తిలో మొదటి పాఠం ఇదే, కడపటి పాఠమూ ఇదే. "శైలి" అని పెద్ద మాటతో పిలిచేది కూడా దీనినే.

కథ లేదు, వంత లేదు

నవ్వించే కళ మనకు కొత్తది కాదు. పగటివేషగాళ్లు వీధి వీధినా నవ్వించారు. బుర్రకథలో కథకుడికి ఇరుప్రక్కలా ఇద్దరు వంతలు ఉంటారు; అందులో ఒకరి పని హాస్యం. హరికథలో భాగవతారు గారు కథ మధ్యలో ఒక పిట్టకథ వేసి, కునికేవాళ్లను లేపుతారు. అవధానంలో సైతం అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఒకాయన ఉండి, అవధాని గారు పద్యపాదం తలచుకుంటున్న సమయంలోనే ఏదో కొంటె ప్రశ్న వేస్తాడు.

అయితే వీటన్నిటిలోనూ హాస్యం విస్తట్లో ఊరగాయ వంటిది. కథ అన్నం, పద్యం పప్పు; నడుమ నడుమ నంజుకోవడానికి హాస్యం. ఈనాడు "స్టాండప్ కామెడీ" అని పిలుస్తున్న దానిలో అన్నమూ లేదు, పప్పూ లేదు. ఊరగాయతోనే భోజనమంతా సాగించాలి. వేషం లేదు, హార్మనీ లేదు, తోడు లేదు. ఒక మైకూ, ఒక మనిషీ.

ఈ కళ అమెరికాలో రాత్రి క్లబ్బులలో పెరిగింది. న్యూయార్కులో 1963లో "ఇంప్రావ్", లాస్ ఏంజిలిస్‌లో 1972లో "కామెడీ స్టోర్" వెలిశాయి. లండన్‌లో అదే పేరుతో మరొకటి 1979లో వచ్చింది. మన దేశంలో 2005లో టెలివిజన్‌లో వచ్చిన "గ్రేట్ ఇండియన్ లాఫ్టర్ చాలెంజ్" ఈ కళను ఇళ్లలోకి తెచ్చింది. ఇప్పుడు హైదరాబాదు, బెంగళూరు, ముంబయి వంటి నగరాలలో "ఓపెన్ మైక్" అనే ఏర్పాటు ఉన్నది. పేరు వ్రాయించుకుంటే ఎవరికైనా నాలుగైదు నిమిషాలు ఇస్తారు. కొత్తవాళ్లకు బడి అదే. ఆ బడిలో పంతులు ఉండడు. పరీక్ష మాత్రం మొదటి రోజునే ఉంటుంది.

అరువు గొంతు

మొదటిరోజు ఎవరైనా అరువు గొంతుతోనే వెళతారు. అందులో తప్పు లేదు. పసిపిల్లలు మాటలు నేర్చేదీ అలాగే.

అనుకరణనే మహాకళగా చేసినవారు మనకు ఉన్నారు. ఓరుగల్లులో 1932లో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ గారు సినిమా నటుల గొంతులూ, నాయకుల గొంతులే కాక ఇంగ్లీషు సినిమాల యుద్ధ ఘోషలు కూడా ఒక్క కంఠంతో వినిపించేవారు. ధ్వన్యనుకరణకు ఒక గౌరవం తెచ్చి, 2001లో పద్మశ్రీ అందుకొని, 2018లో కన్నుమూశారు. ఆయన విషయంలో అనుకరణే గమ్యం. కాని తన మాటలతో నవ్వించదలచినవాడికి అనుకరణ గమ్యం కాదు, మెట్టు. ఆ మెట్టు మీదనే కూర్చుండిపోతే పైకి వెళ్లలేడు.

ఆ మెట్టు ఎక్కిపోయిన తెలుగువాడు ఒకాయన ఉన్నాడు. 1957లో కనిగిరిలో పుట్టిన జనుమల జాన్ ప్రకాశరావు బొంబాయిలో ధారావి ప్రాంతంలో పెరిగాడు. తండ్రి హిందూస్తాన్ లీవర్ ఫ్యాక్టరీలో కార్మికుడు. ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ వారి బడిలో ఏడవ తరగతి వరకు చదివి, ఇంటి ఇబ్బందుల వల్ల మానుకొన్నాడు. బొంబాయి వీధులలో కలాలు అమ్మాడు. ఊరికే అమ్మితే ఎవరు కొంటారు? సినిమా తారల గొంతులతో కేకలు వేస్తూ, వాళ్లలాగా గంతులు వేస్తూ అమ్మాడు. దారిన పోయేవాడు ఒక్క నిమిషం ఆగాలి, ఆ నిమిషంలో నవ్వాలి, నవ్వి జేబులో చెయ్యి పెట్టాలి. ఇంతకంటె కఠినమైన శిక్షణ ఏ కళాశాలలోనూ ఇవ్వరు.

పిమ్మట తండ్రి పనిచేసే ఫ్యాక్టరీలోనే బరువైన డ్రమ్ములు మోసే పనిలో చేరాడు. ఒకసారి కంపెనీ వేడుకలో పై అధికారులను కొందరిని అనుకరించి చూపించాడు. అది చూసి తోటి కార్మికులు ఆయనకు పెట్టిన పేరు "జానీ లీవర్". ఆ పేరే దేశమంతటా నిలిచింది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. సినిమా తారలను అనుకరించేవాళ్లు బొంబాయిలో ఎంతమందైనా ఉంటారు. తన ఫ్యాక్టరీ అధికారిని అనుకరించగలవాడు ఆ ఫ్యాక్టరీలో డ్రమ్ములు మోసినవాడే. దినమూ తలెత్తి చూసిన దొరను ఒక సాయంత్రం తన గొంతులోకి దింపుకున్నాడు. కార్మికులు నవ్వినది అధికారి గొంతుకు మాత్రమే కాదు. తాము అనదలచి అనలేకపోయినది వీడు అంటున్నాడని నవ్వారు. అరువు గొంతు సొంత గొంతుగా మారే ఘట్టం అదే. తర్వాత కల్యాణ్‌జీ ఆనంద్‌జీల బృందంతో ప్రదర్శనలకు తిరిగి, స్టేజి మీద సంపాదన కుదిరిన తర్వాతనే, 1981లో ఫ్యాక్టరీ ఉద్యోగం మానుకొన్నాడు. సినిమాలలో ఎంత పేరు వచ్చినా, మన దేశంలో ఒంటరిగా నిలబడి నవ్వించే కళకు బాట వేసిన తొలివారిలో ఆయనను చెప్పుకుంటారు.

అరువు గొంతును వదిలించుకోవడం అందరికీ ఇంత సుళువుగా జరగలేదు. అమెరికాలో రిచర్డ్ ప్రయర్ అనే నల్లజాతి హాస్యగాడు 1960ల మొదట్లో న్యూయార్కు చేరాడు. అప్పటికే పేరు పొందిన బిల్ కాస్బీ ఒరవడి పట్టుకున్నాడు. మర్యాదగల మాటలు, ఎవరినీ నొప్పించని హాస్యం. డబ్బు వచ్చింది, టెలివిజన్ పిలుపులు వచ్చాయి. 1967లో లాస్ వేగస్ నగరంలో ఒక పెద్ద హోటలులో జనం క్రిక్కిరిసి ఉండగా స్టేజి ఎక్కి, తాను ఇక్కడ ఏం చేస్తున్నానని తనను తానే ప్రశ్నించుకొని, దిగి వెళ్లిపోయాడు. నవ్వుతున్న జనమే ఎదుట ఉన్నారు. కాని వాళ్లు నవ్వుతున్నది తనను చూసి కాదని ఆయనకు తోచింది.

ఆ తర్వాత కొంతకాలం బర్క్‌లీలో గడిపి, మళ్లీ వచ్చాడు. ఈసారి తాను పెరిగిన పియోరియా ఊరి తాగుబోతులనూ, బోధకులనూ, కబుర్ల ముసలివాళ్లనూ వెంట తెచ్చాడు. ఆయన భాష ఇంటిల్లిపాదీ కూర్చుని వినదగినది కాదు. కాని అందులో అబద్ధం లేదు. అమెరికాలో హాస్యానికి ఇచ్చే మార్క్ ట్వేన్ బహుమానం 1998లో మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట ఆయనకే ఇచ్చారు.

అయిదుగురు పిల్లల తల్లి

"ఈ వయసులో ఇంకేం మొదలుపెడతాం?" అనుకునే ఇల్లాళ్లు ఫిల్లిస్ డిల్లర్ సంగతి వినాలి. ఆమె 1955 మార్చి 7వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కోలోని "పర్పుల్ ఆనియన్" అనే చిన్న క్లబ్బులో మొదటిసారి స్టేజి ఎక్కింది. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు, అయిదుగురు పిల్లలు. రేడియోకు ప్రకటనలు వ్రాసే ఉద్యోగం చేసేది. ఇంట్లో డబ్బుకు కటకట. "నువ్వు నవ్వించగలవు, వెళ్లు" అని పోరి పంపినవాడు భర్తే.

ఆ క్లబ్బు వాళ్లు ఆమెను రెండు వారాలకు కుదుర్చుకున్నారు. ఆమె అక్కడ 89 వారాలు ఆడింది.

మొదట్లో ఆమె కూడా అందరిలాగే పాటలు పాడింది, పేరున్న గాయకురాళ్లను అనుకరించింది, ఏవేవో వస్తువులు చేతబట్టుకొని తిప్పలు పడింది. రోజులు గడిచినకొద్దీ ఆ వస్తువులు ఒక్కొక్కటే జారిపోయాయి. మాడిన వంట, ఇస్త్రీకి నోచని బట్టలగుట్ట, మాట వినని పిల్లలు, "ఫ్యాంగ్" అని తాను పేరు పెట్టిన ఒక కల్పిత భర్త, ఇవే మిగిలాయి. ఆనాటి పత్రికలు తళతళలాడే వంటింట్లో చిరునవ్వుతో నిలబడ్డ ఇల్లాలిని చూపిస్తూ ఉంటే, ఈమె చెదిరిన జుట్టుతో వచ్చి, "నా ఇల్లు అలా లేదు" అన్నది. ఎదుట కూర్చున్న ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. వాళ్ల ఇళ్లూ అలా లేవు మరి!

అయితే ఆ చెదిరిన జుట్టు వెనుక ఎంత క్రమం ఉన్నదో చూడండి. ప్రతి హాస్యోక్తినీ ఒక కార్డు మీద టైపు చేసి, విషయాన్ని బట్టి వర్గీకరించి, సొరుగులున్న ఒక ఉక్కు బీరువాలో దాచుకున్నది. అలాంటి కార్డులు యాభైవేలకు పైగా పోగయ్యాయి. ఆ బీరువాను 2003లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి ఇచ్చింది. స్టేజి మీద ఇల్లు చక్కబెట్టుకోలేని ఇల్లాలు. వెనుక ఆఫీసు గుమస్తా కంటె పద్ధతిగల మనిషి. అలా కనిపించడానికి ఎంత శ్రమ పడాలో ఆ బీరువా చెబుతుంది.

లెక్క సరిపోని గుమస్తా

బాబ్ న్యూహార్ట్ షికాగోలో లెక్కల గుమస్తా. రెండు మూడు డాలర్లు అటూ ఇటూ అయితే లెక్క సరిపోయినట్లేనన్నది తన సిద్ధాంతమని ఆయనే చెప్పుకునేవాడు. అలాంటివాడికి ఆ కొలువులో భవిష్యత్తు లేదని వేరే చెప్పనక్కరలేదు. పొద్దుపోక ఒక స్నేహితుడితో కలిసి టెలిఫోనులో తమాషా సంభాషణలు అల్లి, రేడియో స్టేషన్లకు పంపేవాడు. ఆ స్నేహితుడు వేరే ఉద్యోగం చూసుకొని వెళ్లిపోయాడు.

ఇంకొకడైతే కొత్త జతగాడిని వెతుక్కునేవాడు. న్యూహార్ట్ ఒక్కడే టెలిఫోను పట్టుకున్నాడు. అవతలి మాట జనానికి వినిపించదు. ఇవతల ఈయన తత్తరపాటు, నసుగుడు, మర్యాద మాత్రం వినిపిస్తాయి. అధ్యక్షుడు లింకన్‌కు ఒక ప్రచార ఏజెంటు టెలిఫోనులో సలహాలు ఇస్తే ఎలా ఉంటుందన్నది ఆయన ప్రసిద్ధమైన అంశాలలో ఒకటి. లింకన్ ఏమన్నాడో మనమే ఊహించుకుంటాం. మన ఊహ మనకే నవ్వు తెప్పిస్తుంది.

1960లో ఆయన మొదటి గ్రామఫోను రికార్డు వచ్చింది. అది రికార్డు చేసేందుకు హ్యూస్టన్ నగరంలోని ఒక క్లబ్బుకు పిలిపించేనాటికి ఆయన ఏ క్లబ్బులోనూ ప్రదర్శన ఇచ్చి ఎరుగడు! ఆ రికార్డు అమెరికాలో అమ్మకాలలో మొదటి స్థానానికి ఎక్కి, ఆ ఏటి ఉత్తమ ఆల్బంగా గ్రామీ బహుమానం తెచ్చింది.

న్యూహార్ట్‌కు మాట తడబాటు సహజంగానే ఉండేది. దానిని దాచుకోవాలని చూసి ఉంటే ఆయన లెక్కలు వ్రాస్తూనే ఉండేవాడు. మనం లోపమనుకొని దాచుకునేదే, ఎదుటివాడు మనల్ని గుర్తుపట్టే గుర్తు కావచ్చు.

ఓడి వచ్చినవాడు

అందరికీ మొదటి ప్రయత్నంలో తలుపు తెరుచుకోదు. 1921లో పుట్టిన జేకబ్ కోహెన్ ఇరవై ఏళ్లకే "జాక్ రాయ్" అనే పేరుతో క్లబ్బుల వెంట తిరిగాడు. కొన్నేళ్లు చూసి, పెళ్లి, సంసారం మీద పడడంతో మానేసి, ఇళ్ల గోడలకు తొడిగే అల్యూమినియం రేకులు అమ్ముకున్నాడు. తాను స్టేజి మానేసిన సంగతి తనకు తప్ప లోకంలో ఎవరికీ తెలియలేదని తర్వాత తనమీద తానే హాస్యమాడేవాడు.

నలభయ్యో ఏడు దగ్గరపడ్డాక మళ్లీ వచ్చాడు. ఈసారి పేరు రాడ్నీ డేంజర్‌ఫీల్డ్. తన గొడవ ఏమిటో ఇప్పుడు ఆయనకు తెలుసు: నన్ను ఎవరూ లెక్కచెయ్యరు! భార్య లెక్కచెయ్యదు, పిల్లలు లెక్కచెయ్యరు, చివరికి డాక్టరు కూడా. మెడ దగ్గర ఎర్ర టైని అస్తమానం సర్దుకుంటూ, కళ్లు పెద్దవి చేసి ఈ ఒక్క మొర పెట్టుకున్నాడు. 1967లో టెలివిజన్‌లో ప్రఖ్యాతి వచ్చింది. 1969లో న్యూయార్కులో తన పేరిట సొంత క్లబ్బే పెట్టాడు. ఇరవై ఏళ్లవాడు "నన్ను ఎవరూ లెక్కచెయ్యరు" అంటే, "ఇంకా బోలెడు కాలం ఉంది లేవయ్యా" అంటారు. రేకులు అమ్ముకొని వచ్చిన నలభై ఏళ్లవాడు అంటే నమ్ముతారు. పోయాయనుకున్న సంవత్సరాలే ఆయనకు పెట్టుబడి అయ్యాయి.

అయిదు నిమిషాల వంట

ఇక పని సంగతి. మొదట కావలసింది గంటసేపు మాట్లాడే శక్తి కాదు, అయిదు నిమిషాల సరుకు. ఆ అయిదు నిమిషాలూ వ్రాసుకోవాలి, బిగ్గరగా చెప్పుకొని చూసుకోవాలి, జనం ముందు చెప్పాలి. చెప్పినప్పుడల్లా రికార్డు చేసుకొని మర్నాడు వినాలి. తన గొంతు తానే వినడం కష్టమే గాని, తప్పదు. నవ్వు ఎక్కడ వచ్చిందో, రావలసినచోట ఎందుకు రాలేదో, వచ్చిన నవ్వును తానే తొందరపడి ఎక్కడ తొక్కేశాడో అందులో తెలుస్తుంది.

నవ్వు పుట్టించే మాట వాక్యం చివర ఉండాలని ఈ విద్య తెలిసినవాళ్లు అంటారు. ఇంగ్లీషులో ఇది తేలిక. తెలుగులో వాక్యం చివర క్రియ వచ్చి కూర్చుంటుంది. "మా ఆవిడ పట్టుచీర అడిగితే, చీరల కొట్టుకు వెళ్లి క్యాలెండరు పట్టుకొచ్చి ఇచ్చాను" అనండి. క్యాలెండరు దగ్గర పుట్టిన నవ్వు "పట్టుకొచ్చి ఇచ్చాను" క్రింద నలిగిపోతుంది. "మా ఆవిడ పట్టుచీర అడిగింది. చీరల కొట్టుకు వెళ్లాను. తెచ్చాను... క్యాలెండరు" అనండి. సరుకు అదే, వడ్డన మారింది. మన ముసలమ్మలకు ఈ రహస్యం ఎవరూ నేర్పకుండానే తెలుసు. వాళ్లు కథ చెప్పేటప్పుడు క్రియను ముందుకు తోసి, అసలు మాటను చివరకు అట్టేపెడతారు. తెలుగులో నవ్వించదలచినవాడు ఇంగ్లీషు ప్రదర్శనలు నూరు చూడడం కంటె, ఇంట్లో ముసలివాళ్ల మాట పది రోజులు శ్రద్ధగా వినడం మేలు.

ఇదంతా ఎన్నాళ్లు? స్టీవ్ మార్టిన్ పదేళ్ల వయసులో డిస్నీలాండ్‌లో గైడు పుస్తకాలు అమ్మి, ఇంద్రజాల వస్తువుల దుకాణంలో పనిచేసి, ఈ కళలోకి వచ్చాడు. స్టేజి మీద తన పద్ధెనిమిదేళ్లను 2007లో వెలువడిన ఆత్మకథలో ఆయన ఇలా పంచాడు: పదేళ్లు నేర్చుకోవడానికి, నాలుగేళ్లు సానపెట్టడానికి, నాలుగేళ్లు బ్రహ్మాండమైన విజయానికి. ఆ విజయం నడుమనే, 1981లో, ఆ ప్రదర్శనలు మానేశాడు. విజయం చూసినవాళ్లం మనం ఆ నాలుగేళ్లనే చూస్తాం. పద్నాలుగేళ్లు మన కంటబడవు.

ఎవరిని చూసి నవ్వాలి?

కొత్తవాళ్లకు తొందరగా నవ్వు తెచ్చిపెట్టే దారులు కొన్ని ఉన్నాయి. ఒకరి కులాన్నో, యాసనో, అవిటితనాన్నో, ముందు వరసలో కూర్చున్నామె లావునో పట్టుకుంటే నవ్వు వస్తుంది. కాని ఆ నవ్వులో చెప్పేవాడు ఎవరో తెలియదు. ఆ మాట ఎవడైనా అనగలడు. డిల్లర్ తన వంటను, న్యూహార్ట్ తన తత్తరపాటును, డేంజర్‌ఫీల్డ్ తన బతుకును ముందు పెట్టారు. తనను తాను ముందు పెట్టినవాడికి తర్వాత అధికారినైనా, మంత్రినైనా అనే చనువు జనం ఇస్తారు. ఇంట్లోవాళ్లను గురించి చెప్పదలచుకుంటే ముందు ఇంట్లోవాళ్లకు వినిపించాలి. అమ్మ నవ్వితే ఆ మాట ఊరంతా చెప్పవచ్చు. అమ్మ మొగం చిన్నబోతే, ఎంత మంచి మాటైనా కొట్టివెయ్యాలి.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. మీ అబ్బాయో, అమ్మాయో "ఈ సాయంత్రం ఓపెన్ మైక్‌కు వెళుతున్నాను" అంటే గుండెలు బాదుకోనక్కరలేదు. చదువో, ఉద్యోగమో మానమని ఈ కళ అడగదు. మొదట్లో అది ఉండడమే మంచిది. జీతం వస్తుంది, చెప్పుకోవడానికి సరుకూ అక్కడే దొరుకుతుంది. జానీ లీవర్ డ్రమ్ములు మోస్తూ, డిల్లర్ ప్రకటనలు వ్రాస్తూ మొదలుపెట్టారు.

రాత్రి పొద్దుపోయి ఇంటికి వచ్చినప్పుడు "ఎంతమంది నవ్వారు?" అని అడగకండి. "ఎక్కడ నవ్వలేదు?" అని అడగండి. జవాబు చెప్పగలిగితే పని నేర్చుకుంటున్నట్లే లెక్క. చెప్పలేకపోతే అన్నం వడ్డించి ఊరుకోండి. ఆ రోజున వాడికి కావలసింది అదే.